పలక నేర్చిన మొర

మా ప్రార్థన మందిరంలో మొరల పెట్టె ఒకటి ఉండేది. కర్రపెట్టె, పైన సన్నటి సందు. కష్టం వచ్చినవాళ్లు, వచ్చిన సుఖం చాలనివాళ్లు చీటీ మీద నాలుగు ముక్కలు రాసి అందులోకి జారవిడిచేవారు. నెల మొదట్లో కార్యదర్శి ఆ పెట్టె తెరిచి, చీటీలన్నీ వెనక పెరట్లో రేకు డబ్బాలో వేసి కాల్చాలి. చదవకూడదు. అదొక్కటే నియమం. దేవుడికి రాసింది దేవుడు చదువుకుంటాడు, మధ్యలో కార్యదర్శికేం పని.

ఆ కార్యదర్శిని నేనే. ఎన్నో ఏళ్లుగా కాలుస్తున్నాను, ఒక్క చీటీ విప్పి చూడలేదు. ఒకసారి గాలికి ఒకటి ఎగిరొచ్చి నా చొక్కాకి అతుక్కుంటే కళ్లు మూసుకుని తీసి మంటలో వేశాను. వేలు కాలింది. ఈ సంగతి సందర్భం వచ్చినప్పుడల్లా చెబుతుంటాను. సందర్భం రాకపోతే తెచ్చుకుంటాను.

చిక్కు పొగతో వచ్చింది. వెనక మేడమీద ఉండే పళ్ల డాక్టరమ్మ ఒకరోజు మసి పట్టిన తెల్లకోటు పట్టుకుని వచ్చి, "మీ భక్తుల కష్టాలన్నీ నా కోటు మీద పడుతున్నాయండీ. నాకు నా కష్టాలు చాలు," అంది. మా అధ్యక్షుడుగారు బస్సు డిపోలో అధికారిగా చేసి రిటైరైన మనిషి. ఫిర్యాదు రాగానే పరిష్కారం కూడా అక్కడికక్కడే చెప్పెయ్యాలి ఆయనకి.

"ఈ రోజుల్లో కాగితం ఎవరు వాడుతున్నారయ్యా. ఒక ట్యాబు పెట్టేద్దాం. అందులో రాసుకుంటారు. మీ కోడలు చేసేది ఆ పనే కదా?"

"మా కోడలు చేసేది కీబోర్డుల పనండీ."

"మరి నేనన్నదేమిటి?"

మా కోడలు చేసే పనేమిటో నాకూ మొదట్లో అర్థం కాలేదు. పెళ్లయిన కొత్తలో అడిగితే ఓపిగ్గా చెప్పింది. "ఫోనులో రాయడానికి వేలు పెట్టగానే కింద నుంచి అక్షరాలు పైకి లేస్తాయి చూడండి మామయ్యగారూ. అదొక ప్రోగ్రాము. మీరు రాసే పెట్టె ఇంకో ప్రోగ్రాము. ఆ రెండింటికీ ముఖపరిచయం ఉండదు. వాటి మధ్య మాటలు కుదర్చడం మా పని."

"పెళ్లిళ్ల పేరయ్య ఉద్యోగం అన్నమాట."

"ఇంచుమించు అదే. పెట్టె ముందుగా చెప్పుకోవాలి. నా దగ్గర అంకెలే రాస్తారు, అంకెలే చూపించు. ఇది రహస్యం, గుర్తుపెట్టుకోకు. చివరి మీట మీద 'వెతుకు' అని కాదు, 'పంపు' అని రాయి. ఇలాగ."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే అది ఊహించుకుంటుంది."

ఊహించుకోవడం మా ఇంట్లో కొత్త కాదు. ఆ రోజుల్లో అందరం అదే పనిమీద ఉన్నాం. మా ఇల్లు మందిరానికి ఎదురుగానే, మేడమీద. కిటికీ తెరిస్తే మందిరం దీపం కనిపిస్తుంది. నాకు అంతకన్నా ఏం కావాలి. కానీ కోడలు ఆఫీసుకి వెళ్లాలంటే రెండు బస్సులు మారాలి. అబ్బాయి కళ్లజోళ్ల దుకాణం కూడా అటువైపే. ఆ పక్కనే ఒక ఇల్లు ఖాళీ అయింది, నెలాఖరులోగా ఏ సంగతో చెప్పమని ఇంటివాడు అడిగాడు. అబ్బాయి వంటింటి గుమ్మంలో నిలబడి, "ఏమంటావమ్మా?" అన్నాడు. మా ఆవిడ వెనక్కి తిరగకుండా, "మీ ఇష్టం," అంది.

మా ఆవిడ 'మీ ఇష్టం' అంటే దాని అర్థం ఆ తర్వాత వచ్చే గిన్నెల చప్పుడును బట్టి తెలుసుకోవాలి. మెల్లగా పెడితే సరే అని. గట్టిగా పెడితే వద్దని. ఈసారి గిన్నెలు చప్పుడే చేయలేదు. ఇన్నేళ్ల కాపురంలో అలాంటి నిశ్శబ్దం నేను వినలేదు.

కోడలు నలిగిపోయింది. ఒకరోజు పొద్దున్న మెట్లమీద చెప్పులు తొడుక్కుంటూ నాతో అంది, "వెళ్లమంటే వెళ్తాను, ఉండమంటే ఉంటాను. అత్తయ్యగారు ఏదీ అనకపోతే నేనేం చెయ్యను? ఆవిడ మనసు తెలుసుకోకుండా గడప దాటితే ఆ ఇంట్లో నాకు నిద్ర పట్టదు."

"నువ్వు అడక్కపోయావా?"

"మీ అబ్బాయి అడిగాడుగా."

"పోనీ, నీకేం కావాలి?"

"నాదేముందండీ," అని బస్సుకి పరుగెత్తింది.

ఇలాంటి సమయంలో మందిరం పని వచ్చి నెత్తిన పడింది. కోడలు కాదనలేదు. సెలవు రోజుల్లో కూర్చుని చేసింది. మందిరం కొన్న ట్యాబు చూడటానికి చిన్నపిల్లల పలకలా ఉందని ఎవరో అన్నారు, దానికి పలక అనే పేరే స్థిరపడింది.

మొదటిరోజు అధ్యక్షుడుగారు వేలు పెట్టగానే కీబోర్డు కింద నుంచి లేచి, రాసే పెట్టె మీదే కూర్చుంది. ఆయన ఏం రాస్తున్నారో ఆయనకే కనపడలేదు. కోడలు నాలుక కరుచుకుంది. "కీబోర్డు పైకొస్తే నువ్వు కాస్త జరుగు అని పెట్టెకి చెప్పడం మరిచిపోయాను."

"కోడలొస్తే అత్తగారు జరిగినట్టు," అన్నారాయన. కోడలు నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

తర్వాత చివరి మీట మీద ఏం రాయాలన్నది పెద్ద చర్చ. దాని అంతట దాన్ని వదిలేస్తే 'వెతుకు' అని చూపించింది. దేవుణ్ణి వెతకమన్నట్టుంది, బాగానే ఉంది అన్నాను నేను. అధ్యక్షుడుగారు ఒప్పుకోలేదు. 'పంపు' అంటే మర్యాద లేదు, 'సరే' అంటే దేవుడి తరఫున మనమే ఒప్పుకున్నట్టు. ఆఖరికి 'విన్నవించు' అని పెట్టాం.

ప్రతి మార్పుకీ పరీక్ష కావాలి. కోడలు పక్కన నిలబడి, "ఏదో ఒకటి రాయండి మామయ్యగారూ," అనేది. నేను రాసేవాణ్ణి. "మీట నొక్కండి. ఆఁ, ఇప్పుడు మళ్లీ రాయండి." మళ్లీ రాసేవాణ్ణి. రోజుకి ఎన్నిసార్లో. పక్కన కోడల్ని పెట్టుకుని ఏం రాస్తాం, ఆ పిల్లకి మంచి జరగాలనే రాస్తాం. ఒక వాక్యం కుదిరింది, ప్రతిసారీ కొత్తది ఆలోచించే ఓపిక లేక అదే గీకుతూ పోయాను. పరీక్షకి రాసింది ప్రార్థన కాదు కదా అని దాన్ని అక్కడే మరిచిపోయాను కూడా.

"రాసింది ఎక్కడికి పోతుంది?" అని అడిగారు అధ్యక్షుడుగారు.

"ఎక్కడికీ పోదండీ. ఎక్కడా దాచను. మీట నొక్కగానే చెరిగిపోతుంది." నిజంగానే మీట నొక్కితే అక్షరాలు పొగలా పైకి తేలి మాయమయ్యేవి. మసి లేదు.

"రసీదు?"

"దేవుడికి విన్నపానికి రసీదెందుకండీ?" అన్నాను నేను.

"కనీసం వరస నంబరైనా ఇవ్వకపోతే నమ్మకం ఎలా కుదురుతుందయ్యా?" అన్నారాయన. కానీ నియమం నియమమే. ఎవరూ చదవకూడదు, ఎక్కడా మిగలకూడదు. ఈ విషయంలో నేను ఆ పిల్లని గట్టిగా హెచ్చరించాను. వేలు కాలిన కథ కూడా చెప్పాను. అంతకుముందు విన్నదే, మళ్లీ వింది.

పలక పెట్టాక ఒక వారం మామూలుగా గడిచింది. తర్వాత వింతలు మొదలయ్యాయి.

మొదట వచ్చి చెప్పింది దర్జీ. "కార్యదర్శిగారూ, పలక తనంతట తనే రాస్తోందండీ. 'మా' అన్నానో లేదో 'అల్లుడు' అని పైన చూపించింది. అది నొక్కితే 'తాగుడు' అంది. అదీ నొక్కితే 'మానాలి' అంది. నా గుండె చదివినట్టే."

"మీ అల్లుడు తాగుతాడా?"

"ఇన్నాళ్లూ అనుమానమే. ఇప్పుడు రూఢి అయిపోయింది."

తర్వాత ఆసుపత్రిలో నర్సుగా చేసే ఆవిడ. ఆవిడకి మోకాళ్ల నొప్పి తగ్గాలని చూపించిందట. "నాకు నొప్పి లేదండీ. కానీ ఆ దేవుడే చూపించాడంటే రాబోతోందేమో. ముందు జాగ్రత్తగా నొక్కి వచ్చాను."

దేవుడు వినడం మనకి అలవాటే. ఆయన అందించడం కొత్త. ఊరంతా పాకింది. రాయడం రానివాళ్లు, రాయడానికి ఏమీ లేనివాళ్లు కూడా వచ్చి వేలు పెట్టి, పైన వచ్చే మూడు మాటల్లో నచ్చింది నొక్కుకుని, తృప్తిగా వెళ్లేవారు. వీధి మలుపు దాకా వరస. వరస కనిపిస్తే అధ్యక్షుడుగారికి ప్రాణం లేచొస్తుంది. పాత డిపో నుంచి ఇనుప కమ్మీలు తెప్పించి పాతించారు. "తోసుకోకండి, అందరికీ ఆయన సమాధానం ఉంటుంది," అని కేకలేస్తూ తిరిగేవారు. డిపోలో ఆయన అలా హామీ ఇచ్చిన రోజులు ఉండి ఉండవు.

నాకు లోపల కొంచెం గుచ్చుకుంది. దేవుడు మనసులో మాట అందించగలడు, కాదనను. కానీ ఇంతమందికి మోకాళ్లే ఎందుకు అందిస్తున్నాడు? అడుగుదామనుకున్నాను. ఎవర్ని అడగాలో తెలియక ఊరుకున్నాను.

అందరికన్నా ఆశ్చర్యం మా ఆవిడ. ఫోను మోగితే ఎత్తడం, మాట్లాడి పెట్టెయ్యడం తప్ప ఇంకేమీ ముట్టుకోని మనిషి, రోజూ పొద్దున్నే వరసలో నిలబడి పలక దగ్గరికి వెళ్లేది. చిటికెలో ముగించుకుని, మొహం తేటగా పెట్టుకుని తిరిగొచ్చేది.

"ఏం రాశావు?" అన్నాను ఒకరోజు.

"దేవుడికి రాసింది మీకెందుకు? నియమం మీదేగా."

ఇంట్లో నోరు విప్పని మనిషి అక్కడ రోజూ ఏదో చెప్పుకుంటోంది. మా అందరికీ కావలసిన సమాధానం ఎదురుగా రోడ్డు దాటి వెళ్లి పలకలో పొగై పోతోంది. నెలాఖరు దగ్గరపడుతోంది.

ఒక మధ్యాహ్నం, మందిరం తలుపులు మూసి ఉన్న వేళ, కోడలు పలక కింది స్టాండు మార్చడానికి వచ్చింది. అంత పని చేసిన పిల్లకి ఈ మహిమ సంగతి ఎవరూ చెప్పినట్టు లేరు. నేను చెప్పాను. దర్జీ అల్లుడి కథ, నర్సు మోకాళ్ల కథ, నవ్వుతూనే చెప్పాను. ఆ పిల్ల నవ్వలేదు. పలక తెరిచి ఒక మాట కొట్టింది, పైన వచ్చిన మూడు మాటలూ చూసింది. కూరలో ఉప్పు వెయ్యలేదని విస్తళ్లు పరిచాక గుర్తొచ్చినట్టయింది ఆమె మొహం.

"దేవుడు కాదు మామయ్యగారూ. కీబోర్డు."

"అంటే?"

"నా ప్రోగ్రాములో ఒక్క అక్షరం దాచలేదు. కానీ కీబోర్డు నాది కాదుగా. అది వాళ్లు రాసేది చూస్తూ నేర్చుకుంటుంది. ఒక్కరి ఫోనైతే వాళ్ల మాటలు వాళ్లకే చూపిస్తుంది. ఇక్కడ ఊరంతటికీ ఒకటే పలక. ఒకరు రాసింది ఇంకొకరికి అందిస్తోంది." కుర్చీలో కూలబడింది. "ఇది రహస్యం, నేర్చుకోకు అని పెట్టె దానికి చెప్పాలి. ఆఫీసులో రోజూ పదిమందికి చెప్పే మాటే. ఇక్కడ నేనే చెప్పలేదు. ఇల్లంతా తాళాలు వేసి చిలకని వరండాలో వదిలేశాను."

"అయితే ఎవరి మొర ఏమిటో దానికి తెలుసా?"

"ఎవరిదో తెలియదు. ఏ మాట తర్వాత ఏ మాట ఎక్కువసార్లు వచ్చిందో, అంతే. ఎక్కువసార్లు వచ్చింది నడిమిలో చూపిస్తుంది. అందరి మొరలూ కలగాపులగం." లేచి నిలబడింది. "ల్యాప్‌టాప్ తెస్తాను. ఒక్క లైను రాస్తే చాలు. నేర్చుకున్నదంతా తుడిచేస్తాను. ఈలోగా దాన్ని ఎవరూ ముట్టుకోకుండా చూడండి."

"నేనున్నానుగా," అన్నాను.

ఆ పిల్ల వెళ్లింది. మందిరంలో నేనూ, పలకా, దీపమూ మిగిలాం. కాసేపు దూరంగా కూర్చున్నాను. తర్వాత దుమ్ము తుడుద్దామని దగ్గరికి వెళ్లాను. తుడవడానికి పెద్దగా దుమ్ము లేదు.

చీటీ విప్పడం పాపం, నిజమే. ఇది చీటీ కాదే. మొర వేరు, మొర విన్న చిలక వేరు. చిలక పలుకుతుంటే చెవులు మూసుకోవాలని మన నియమాల్లో ఎక్కడా లేదు. పైగా కాసేపట్లో ఇదంతా తుడుచుకుపోతుంది. ఇంట్లో నలుగురి బతుకు ఒక్క మాట మీద ఆగి ఉంది. ఇలా ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ వేలు పెట్టాను. దీపం వైపు మాత్రం చూడలేదు.

పెట్టె ఖాళీగా ఉండగానే పైన మూడు మాటలు వచ్చాయి. నడిమిది 'నా'. నొక్కాను. ఒక పక్క 'మోకాలు', ఒక పక్క 'కొడుకు', నడిమిన 'కోడలు'. నొక్కాను. ఎడమన 'మారాలి' అని వచ్చింది. అది ఎవరిదో నాకు తెలుసు, మా కింది వాటా ఆవిడది. కుడిన 'మాట' అని వచ్చింది, అదీ ఎవరిదో పోల్చుకోగలను. నడిమిన 'ఎక్కడికి'. నొక్కాను. 'వెళ్లినా'. నొక్కాను. 'సుఖంగా'. నొక్కాను. 'ఉండాలి'.

నా కోడలు ఎక్కడికి వెళ్లినా సుఖంగా ఉండాలి.

కళ్లు చెమర్చాయి. ఈ మందిరానికి వచ్చే అత్తగార్లందర్నీ నేను ఎరుగుదును. ఇంత మెత్తటి మాట మా ఆవిడ తప్ప ఇంకెవరు రాస్తారు? ఎవరిదో తెలియదని ఆ పిల్ల చెప్పిన మాట చెవిలోనే ఉంది. కానీ భార్య మాట భర్తకి తెలియదా? అబ్బాయి అడిగితే 'మీ ఇష్టం' అంది, ఇక్కడికొచ్చి పిల్లలు ఎక్కడున్నా చల్లగా ఉండాలని రోజూ వేడుకుంటోంది. వెళ్లనివ్వడం కష్టం కాబట్టే నోరు రాలేదు. అంతా అర్థమైపోయింది నాకు. అంత చక్కగా అర్థమైనప్పుడే అనుమానించాల్సింది.

చెరిపేసి కుర్చీలో వచ్చి కూర్చున్నాను. కోడలు వచ్చి, ఆ ఒక్క లైను రాసి, చిలక నేర్చినదంతా తుడిచేసింది. నేనేమీ చెప్పలేదు. తిన్నగా కళ్లజోళ్ల దుకాణానికి వెళ్లి అబ్బాయితో, "ఆ ఇల్లు తీసుకోండిరా. మీ అమ్మకి ఇష్టమే. నాకు తెలుసు," అన్నాను. వాడు ఎలా తెలుసని అడగలేదు. నోట్లో నాలుక లేని పిల్లాడు. వెంటనే ఇంటివాడికి ఫోను చేసి వస్తున్నామని చెప్పేశాడు.

సాయంత్రం భోజనాల దగ్గర అసలు కథ. అబ్బాయి పళ్లెంలోకి చూస్తూ, "అమ్మా, థాంక్సమ్మా," అన్నాడు.

"దేనికిరా?"

"ఇంటి సంగతి. నీకిష్టమేనని నాన్న చెప్పాడు. వస్తున్నామని చెప్పేశాను."

మా ఆవిడ గరిటె గిన్నెలో పెట్టింది. చప్పుడైంది.

"నేను చెప్పానా? ఎప్పుడు చెప్పానండీ మీతో?"

"నాతో కాదులే," అన్నాను.

"మరెవరితో చెప్పాను?"

కోడలు మెల్లగా నా వైపు తిరిగింది. తెలివైన పిల్ల, ఎక్కువసేపు పట్టలేదు.

"నేను ల్యాప్‌టాప్ తేవడానికి వెళ్లినప్పుడా మామయ్యగారూ?"

తల ఊపాను. వేలు కాలిన కథ ఈ ఇంట్లో ఇంకెప్పుడూ చెప్పే అవకాశం లేదని ఆ క్షణాన తెలిసిపోయింది.

"దేవుడికి చెప్పుకున్నది చదివారా?" అంది మా ఆవిడ. అరవలేదు. అరిచినా బాగుండేది. "పరాయివాళ్ల చీటీ అంటుకుంటే వేలు కాల్చుకున్న మనిషి, పెళ్లాం మొర చదివాడా?"

"తప్పే. కానీ నువ్వు రాసింది మంచి మాటే కదా. నా కోడలు ఎక్కడికి వెళ్లినా సుఖంగా ఉండాలి అని. అది చూసి నా కళ్లనీళ్లు..."

"అది మీ వాక్యం," అంది కోడలు.

"నాదా?"

"ట్రయల్ వేసినప్పుడు ప్రతిసారీ మీరు రాసింది అదే. పక్కనే నిలబడ్డానుగా. నాకు గుర్తుంది. నా గురించి కదా, గుర్తుంటుంది. ఊరికే రాశారని నేననుకోలేదు."

ఇంక ఎటు చూడాలో తెలియలేదు. నా మాట నేనే చిలక నోట విని, పెళ్లాం మనసు చదివానని మురిసిపోయాను. "మరి నువ్వు రోజూ వెళ్లి ఏం రాస్తున్నావు?" అన్నాను మా ఆవిడతో, మునిగేవాడు గడ్డిపోచ పట్టుకున్నట్టు.

"ఆ గీతల్లో అక్షరాలు వెతుక్కోవడం నాకెక్కడొచ్చు? పైన మూడు మాటలు చూపిస్తుంది. నడిమిది నొక్కుతాను. మళ్లీ నడిమిది. అయిపోయాక చివరి మీట. వాక్యం బాగానే ఉంది కదా అనిపించింది. ఇంట్లో పిల్ల సుఖంగా ఉండాలంటే తప్పేముంది?"

"అంటే రోజూ అదే..."

"రోజూ అదే."

అబ్బాయి మొహం వెలిగింది. "అయితే నాన్న చెప్పింది నిజమేగా. వెళ్లమనే కదా."

"ఎక్కడికి వెళ్లినా అని ఉందిరా. నన్నొదిలేసి వెళ్లినా అని ఎక్కడుంది అందులో?"

కోడలు మంచినీళ్ల గ్లాసు కింద పెట్టి, కుర్చీ కొంచెం అత్తగారి వైపు జరుపుకుంది.

"అత్తయ్యగారూ, ఆ ఇంటికి వెళ్దామా వద్దా? మీరేమంటే అదే. కానీ మీరే చెప్పాలి."

"ఈ మాట ముందే అడిగితే పోయేదిగా," అంది మా ఆవిడ. "వీడేమో గుమ్మంలో నిలబడి ఏమంటావు అంటాడు. చూడని ఇంటికి ఏమంటాను? మీరిద్దరూ చూసొచ్చారు. నన్ను ఒక్కసారి రమ్మన్నారా?"

నిజమే, ఎవరూ రమ్మనలేదు. ఆవిడ మనసులో ఏముందోనని అందరం తలలు బద్దలు కొట్టుకున్నాం. ఆవిడ ఆ ఇల్లు చూడలేదన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు.

ఈలోగా మందిరంలో పలక మూగబోయింది. వేలు పెడితే అక్షరాలు లేస్తున్నాయి, పైన ఏ మాటా రావడం లేదు. జనం ఎవరి మొర వాళ్లే రాసుకోవాల్సి వచ్చింది. చాలామందికి ఏం రాయాలో తోచలేదు. దర్జీ కాసేపు నిలబడి, 'మా' అని రాసి, ఆలోచించి చెరిపేసి వెళ్లిపోయాడు. అల్లుడి మీద నేరం మాత్రం అలాగే మిగిలింది. వరస కరిగిపోయింది. ఇనుప కమ్మీల మధ్య అధ్యక్షుడుగారు ఒంటరిగా తిరుగుతూ కోడలు కనపడితే ఆపారు.

"అమ్మాయ్, ఆయన అలిగినట్టున్నాడు. ఆ పాత పద్ధతి కనీసం ఆదివారాలైనా పెట్టలేవా?"

"అది ఆయన కాదండీ, కీబోర్డు."

"నువ్వంటున్నావు సరే. వరస నిజమే కదమ్మా?"

ఇల్లు చూడటానికి అందరం కలిసి బయల్దేరాం. మొదటి బస్సులో నిలబడి వెళ్లాం, రెండో బస్సులో మా ఆవిడకి ఒక్కదానికే సీటు దొరికింది. కోడలు రోజూ ఈ తోపులాటలో వెళ్తుందని నాకు తెలుసు. తెలియడం వేరు, ఎవరి మోచెయ్యో పక్కటెముకల్లో దిగడం వేరు. దారంతా ఒకటే ఆలోచన. పరీక్ష కోసం రాసిన వాక్యం, రాసినవాడే మరిచిపోయినదాన్ని, అక్షరాలు వెతుక్కోవడం రాని మా ఆవిడ రోజూ తీసుకెళ్లి పైవాడి ముందు పెట్టింది. అది ఎవరి మొర కింద జమ? బహుశా ఆయన పేర్లు పట్టించుకోడేమో, ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో అదే చూస్తాడేమో. ఈ మాట పైకి అంటే కోడలు నవ్వుతుందని అనలేదు.

ఇంట్లో మా ఆవిడ ముందు వంటింట్లోకి వెళ్లింది. కుళాయి తిప్పి నీళ్ల జోరు చూసింది. కిటికీ తెరిచి, గాలి ఎటు నుంచి వస్తోందో చెయ్యి పెట్టి చూసింది. గట్టును జానలతో కొలిచింది. తర్వాత గదులన్నీ తిరిగి, వెలుతురు బాగా వచ్చే గది మధ్యలో ఆగింది.

"ఈ గది మాకు," అంది.

"మనకా?" అన్నాను.

"మంచం ఆ మూలన పడుతుంది. మీ పుస్తకాల బీరువా ఈ గోడకి. పిల్లలకి ఆ పక్క గది. ఆ వంటింట్లో ఇద్దరు నిలబడినా మోచేతులు తగలవు. ఇంత మంచి ఇల్లు చూసుకుని నాకు చూపించకుండా దాచారు."

"మరి మందిరం?"

"రెండు బస్సులేగా," అంది మా ఆవిడ. "ఆ పిల్ల ఇన్నాళ్లూ మారలేదూ?"

నేను కిటికీలోంచి చూశాను. ఎదురుగా ఒక టైర్ల దుకాణం ఉంది.

కోడలు గది మధ్యలో నిలబడి, మంచం పడాల్సిన మూలను, బీరువా పడాల్సిన గోడను, అత్తగార్ని వరసగా చూసింది. ఆ మొహంలో సంతోషమే ఉందో, మరొకటి ఉందో, నేను పోల్చుకోలేకపోయాను. పోల్చుకోవడంలో నా నేర్పు ఎంతో ఈమధ్యే తేలింది కూడా.

"ఏమంటావమ్మా?" అంది మా ఆవిడ కోడలితో.

"మీ ఇష్టం అత్తయ్యగారూ," అంది కోడలు.

నేను చెవి రిక్కించాను. కానీ గిన్నెలు ఇంకా ఆ ఇంటికి రాలేదు.